మబ్బుకు గల్లీలుండయ్

మా మెట్ సారు పోయారు. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకని బయలుదేరి, చెప్పులు తొడుక్కుంటూ ఇంటి మెట్ల మీద అలాగే కూర్చుండిపోయారట. సంగతి నాకు సాయంత్రం ఆఫీసులో ఉండగా తెలిసింది. పాత బ్యాచ్‌మేట్ ఒకడు సెల్‌ఫోనుకి ఒక్క లైను మెసేజి పంపాడు. పక్క సీటు కుర్రాడు నా మొహం చూసి "ఏంటి సార్, అలా అయిపోయారు?" అన్నాడు. మా మాస్టారు పోయారన్నాను. "ఏం చెప్పేవారు, జావానా?" అన్నాడు. వాణ్ణి అని లాభం లేదు. అమీర్‌పేటలో చదువు చెప్పే మనిషంటే ఎవరికైనా ముందు తట్టేది అదే.

"మబ్బుల గురించి చెప్పేవారు" అన్నాను. వాడు నవ్వాలో వద్దో తెలియక మానిటర్ వైపు తిరిగిపోయాడు.

మీకూ ఆయన తెలిసే అవకాశం తక్కువ. అమీర్‌పేటలో కింద జిరాక్సు షాపు, దాని మీద రెండంతస్తుల నిండా కంప్యూటర్ కోర్సులు ఉన్న బిల్డింగు ఒకటుండేది. మూడో అంతస్తులో సగం డాబా, సగం రేకుల గది. ఆ గదిలో విమానం నడపడం నేర్చుకునేవాళ్ళకి పుస్తకాల చదువు చెప్పేవారు. పైలట్ లైసెన్సు కావాలంటే గాల్లో ఎగిరితే సరిపోదు, పరీక్షలు రాయాలి. అందులో వాతావరణం ఒక సబ్జెక్టు. దాన్నే మేం పొట్టిగా మెట్ అనేవాళ్ళం. సారు బేగంపేట విమానాశ్రయంలో వాతావరణం చూసే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. కంప్యూటర్ క్లాసుకని వచ్చి, అంతస్తు తప్పి మా గదిలో కూర్చునేవాళ్ళు వారానికి ఇద్దరైనా ఉండేవారు. పది నిమిషాలయ్యాక "సార్, ఇది టెస్టింగ్ బ్యాచేనా?" అని లేచి నిలబడేవారు. "కాదు బేటా, గిది మబ్బుల బ్యాచ్. వచ్చినవ్ గద, కూసో, మంచిగనే ఉంటది" అనేవారు సారు. కొందరు నిజంగానే గంటంతా కూర్చుని వెళ్ళేవారు.

క్లాసు మొదలుపెట్టే ముందు కిటికీలోంచి తల బయటపెట్టి పంజాగుట్ట వైపు ఆకాశం చూసేవారు. చూసి, బోర్డు మూల ఆ రోజు మబ్బు పేరు రాసేవారు. వాన వస్తుందని ఎన్నడూ అనలేదు. "రావొచ్చు" అనేవారు. "వస్తదని నేనెవర్ని చెప్పనీకె?" అని చేతులు దులుపుకునేవారు. సుద్దపొడి అంతా చొక్కా మీదే పడేది.

ఆయనకి గల్లీలంటే పడేది కాదు. నేను మధురానగర్ హాస్టల్లో ఉండేవాణ్ణి. మెయిన్ రోడ్డు మీద బస్సులు, ఆటోలు గంటలకొద్దీ కదలకుండా నిలబడితే, నేను మెస్సుల వెనకనుంచి, బట్టలారేసిన డాబాల పక్కనుంచి, సందులో సందు పట్టుకుని పంజాగుట్టలో తేలేవాణ్ణి. ఆ విద్య మీద నాకు మహా గర్వం. ఒకసారి సారుతో కలిసి టీకి వెళ్తూ "ఇటు రండి సార్, రెండు నిమిషాల్లో పడేస్తాను" అన్నాను. రానన్నారు. నన్నూ వెళ్ళనివ్వలేదు. ఆ పొగలో, ఆ హారన్లలో అరగంట నడిపించారు. ఒళ్ళు మండిపోయింది. ముసలాయన చాదస్తం అనుకున్నాను.

ఉరుముల మబ్బు పాఠం ఏప్రిల్లోనే చెప్పేసేవారు, సిలబస్‌లో ఎక్కడున్నా సరే. బోర్డు మీద కింద లావుగా, పైన కమ్మరి దాగలిలా చదునుగా ఒక మబ్బు గీసి, దాని పొట్టలో పైకి కొన్ని బాణాలు, వాటి పక్కనే కిందికి కొన్ని బాణాలు వేసేవారు. "పెద్ద విమానాలే దీని జోలికి పోవు. మన రెండు సీట్ల బండెంత? కాయితం. గీ గాలి మీదికి గుంజుతది, పక్క గాలి కిందికి కొడతది. నడుమ నువ్వు. రెక్క ఎటున్నదో ఎర్కుండదు" అనేవారు. అప్పుడు పక్కనే రెండో మబ్బు గీసేవారు. రెండింటికీ మధ్య ఖాళీ చూపించి సుద్దముక్కతో టకటకా కొట్టేవారు.

"గిదో, గిది చూడు. నడుమ నీలంగ సందు కనవడతది. మస్తు మంచిగ కనవడతది. అమీర్‌పేటల గల్లీ యాడికో ఒకకాడికి పోతది. మబ్బుకు గల్లీలుండయ్ బేటా. సుట్టు తిరుగు, లేకుంటె ఎనకకు మలుపు. మలపనీకె సిగ్గువడకు."

మేం నవ్వేవాళ్ళం. నేను ఇంకొంచెం గట్టిగా నవ్వేవాణ్ణి.

ఆ ఏడు మే నెలలో, శిక్షణలో భాగంగా, నేను రెండు సీట్ల విమానంలో ఒంటరిగా బేగంపేట నుంచి వరంగల్ వెళ్ళి రావలసిన రోజొచ్చింది. వెళ్ళడం హాయిగా వెళ్ళాను. తిరిగొస్తుంటే, భువనగిరి కొండ కనిపించే వేళకి ఎదురుగా రెండు మబ్బులు లేచి ఉన్నాయి. మధ్యలో నీలి సందు. దాని అవతల పొలాల మీద ఎండ కూడా కనిపిస్తోంది. వెనక్కి తిరిగితే అరగంటలో మళ్ళీ వరంగల్. సారు చెప్పింది గుర్తురాలేదని అబద్ధమాడను. అక్షరం పొల్లుపోకుండా గుర్తొచ్చింది. కానీ దాంతోపాటు మధురానగర్ మెస్సు వెనక సందు కూడా గుర్తొచ్చింది. రెండు నిమిషాలే కదా అనుకుని దూరాను.

లోపల ఏమైందో కాస్త ఆగి చెబుతాను. ఇన్నేళ్ళూ ఎవరితోనూ అనలేదు, నాలుకకి అలవాటు లేదు. బయటపడటం మాత్రం నా గొప్ప కాదు, ఆ మబ్బే నన్ను ఉమ్మేసింది. ఎక్కడో దక్షిణాన, చౌటుప్పల్ దగ్గర విజయవాడ రోడ్డు మీద తేలాను. ఆ రోడ్డే పట్టుకుని బేగంపేట చేరాను. సారు కిటికీలోంచి ఆ మబ్బులు చూసి, క్లాసు మధ్యలో వదిలేసి, ఆటో మాట్లాడుకుని వచ్చి నిలబడి ఉన్నారు. ఆలస్యమైందనీ, దక్షిణం వైపునుంచి వచ్చాననీ చూసి, లెక్క ఆయనే కట్టేసుకున్నారు.

"సుట్టు తిరిగి వచ్చినవా బేటా?"

"అవును సార్" అన్నాను.

నన్ను కావలించుకున్నారు. సీటు బెల్టు కోసుకున్న భుజాలు భగ్గుమన్నాయి. మర్నాడు క్లాసులో నన్ను లేపి నిలబెట్టి "గీ పిలగాడు ఎనకకు మలిపిండు. షాబాష్!" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు.

వారం రోజులు అన్నం సయించలేదు. చెప్పేద్దామనే నిశ్చయించుకుని పంజాగుట్టలో ఇరానీ హోటలుకి తీసుకెళ్ళాను. ఈసారి మెయిన్ రోడ్డు మీదుగానే. సారు చాయ్ సాసర్‌లో పోసుకుని, తాగకుండా అలా చూస్తూ కూర్చున్నారు. నేను నోరు తెరిచేలోపు ఆయనే మొదలుపెట్టారు.

"నేను డ్యూటీల ఉన్నప్పటి ముచ్చట. నీ అసుంటి పిలగాడే, చిన్న బండి తీస్కపోవాలె. 'సార్, నడుమ సందు ఉన్నదా?' అన్నడు. కిటికీలకెంచి చూసిన. ఉండె. 'ఉన్నది' అన్న. గంతె. అబద్ధం గాదు బేటా, గప్పుడు ఉండె." సాసర్ కింద పెట్టేశారు. "పోయిండు. మల్ల రాలే. వాళ్ళ అమ్మొచ్చి నన్నొక్క మాట అనలే. అంటె మంచిగుంటుండె."

నా చెయ్యి పట్టుకున్నారు. "మొన్న నువ్వు మలిపినవ్. గా దినం ఇంటికి పోయి మంచిగ నిద్రపోయిన. ఎన్నేండ్లకో."

ఇక ఏ నోటితో చెప్పమంటారు?

ఆ తర్వాత నేను ఎగరలేకపోయాను. రెండుసార్లు సీట్లో కూర్చున్నాను, ఇంజను స్టార్ట్ చేశాను, వెంటనే ఆపేసి దిగిపోయాను. అదే బిల్డింగులో ఒక అంతస్తు దిగి సాఫ్ట్‌వేర్ టెస్టింగు కోర్సులో చేరాను. మెట్ల మీద ఎదురైతే "ఏం బేటా, కిందికి దిగినవ్?" అన్నారు. పైలట్ ఉద్యోగాలు లేవు సార్ అన్నాను. అప్పటికి అది నిజమే కాబట్టి నమ్మారు. తర్వాత కొత్త విమానాల కంపెనీలొచ్చి ఉద్యోగాలు కుప్పలు తెప్పలుగా వచ్చాయి. అప్పుడు కూడా ఆయన నన్ను మళ్ళీ అడగలేదు.

అడగకపోగా, ప్రతి బ్యాచ్‌కీ నా కథ చెప్పేవారు. నేను కింద కీబోర్డు ముందు కూర్చుంటే పైనుంచి వినిపించేది: "మా పిలగాడొకడుండె. సందు కనవడ్డది. గని మలిపిండు." సారు ఒక్క ముక్క కల్పించి చెప్పేవారు కాదు. ఆ కథలో ఉన్న అబద్ధం మొత్తం నాదే. ఉద్యోగమొచ్చి మాధాపూర్ వెళ్ళిపోయాక బతికిపోయాననుకున్నాను. పండక్కి ఫోన్ చేస్తే మాత్రం చివర్లో "నీ ముచ్చట చెప్పిన బేటా, కొత్త పిల్లలకు" అనేవారు. ఫోన్ చేయడం తగ్గించేశాను. దానికి నన్ను నేను క్షమించుకోలేను.

ఆదివారం యూసుఫ్‌గూడలో వాళ్ళింటికి వెళ్ళాను. గల్లీలు పడని మనిషి ఇల్లు గల్లీ చివర ఉంది. మనసు బాగాలేకపోయినా నవ్వొచ్చింది. షామియానా కింద కుర్చీలు, ఖురాన్ చదువుకుంటున్న పెద్దలు. నేను ఓ పక్కన నిలబడ్డాను. మా బ్యాచ్‌మేట్ నన్ను ఎవరికో వేలు పెట్టి చూపించడం కనబడింది. ఒక అమ్మాయి దగ్గరికొచ్చింది. పాతికేళ్ళు కూడా ఉండవు.

"అన్నా, గా మలిపిన అన్న మీరేనా? మాది ఎర్రగడ్డ. సార్ దగ్గరనే చదివిన. మొన్న ఎండకాలంల నేను ఒక్కదాన్నే వస్తున్న. రెండు మబ్బుల నడుమ సందు కనవడ్డది. పాఠం సగం మర్సిపోయిన గని మీ ముచ్చట యాదికొచ్చింది. గా అన్ననే మలిపిండు, నాకేం సిగ్గు అనుకున్న. మలిపిన. జరసేపయినంక తిరిగి చూస్తె సందే లేదన్నా."

చెబుతూ కళ్ళు తుడుచుకుంది. ఆ పిల్ల నా అబద్ధం వల్ల బతికి నా ఎదుట నిలబడి ఉంది. తల ఊపితే అయిపోయేది. సగం ఊపాను కూడా.

"నేను మలపలేదమ్మా" అన్నాను. "దూరాను."

అర్థం కానట్టు చూసింది. మళ్ళీ చెప్పాను.

"సార్‌కు ఎర్కనా?"

"లేదు."

"అంటె ఇన్నేండ్లు సార్‌తోని అబద్ధం చెప్పిచ్చిన్రు." గట్టిగా అనలేదు. అంతకంటే చెంప మీద కొట్టినా బాగుండేది.

"అవును" అన్నాను.

వెళ్ళిపోతుందనుకున్నాను. వెళ్ళలేదు. ఒక కుర్చీ లాక్కుని కూర్చుంది, నాకూ ఒకటి లాగింది. "సార్ కిటికీలకెంచి చూసి చెప్పిండు. మీరు లోపటికి పోయొచ్చిన్రు. ఏముంటదో చెప్పున్రి. నేను రేపు మల్ల ఎగరాలె."

చెప్పాను. ముందు నీలం పోయి తెల్లనవుతుంది, ఆ తెలుపు చూస్తూండగానే బూడిద రంగవుతుంది. సందు ఫలానా చోట మూసుకుందని వేలు పెట్టి చూపించలేం. ముక్కు కిందికి దించినా విమానం పైకే పోయింది. తర్వాత కాళ్ళ కింద నేల లాగేసినట్టు పడిపోయింది, తల కప్పుకి కొట్టుకుంది, ఒళ్ళోని పెన్సిలు నా కళ్ళ ముందు గాల్లో తేలింది. వాన చప్పుడులో ఇంజను ఉందో ఆగిందో తెలియలేదు. వెనక్కి తిరిగి చూశాను. వచ్చిన దారి కూడా లేదు. అప్పుడు నేను అమ్మా అనలేదు, దేవుడా అనలేదు. "సార్! సందు లేదు సార్!" అని గొంతు చించుకుని అరిచాను. మళ్ళీ మళ్ళీ అరిచాను, మాట బయటికి పోయే రేడియో మీట నొక్కకుండా.