నా కూతురు బిగించుకోవాలనుకున్న కంప్యూటర్

రెండేళ్ల కిందటి మాట. నేను దాచేపల్లిలో సిమెంట్ లారీలు బాగుచేసే మెకానిక్‌ని. మా అమ్మాయి శిరీష డిగ్రీలో చేరాక గేమ్స్ ఆడుకునే కంప్యూటర్ కావాలంది. విడిభాగాలు కొని తనే బిగించుకుంటానని, అలాగైతే మన డబ్బుకు మంచిది వస్తుందని నోట్‌బుక్‌లో రాసి చూపించింది. ఏడాదిగా ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకుందట.

"ఆడపిల్లవి, కరెంటు సామానుతో నీకెందుకమ్మా? ఏదన్నా కాలిపోతే డబ్బంతా బూడిదే" అన్నాను.

ఆ వారమే నరసరావుపేట వెళ్లి, గ్యారంటీ ఉన్న రెడీమేడ్ కంప్యూటర్ కొని, ఆ పెట్టెను బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. ఎగిరి గంతేస్తుందనుకున్నాను. శిరీష దాన్ని చూసి, "బాగుంది నాన్నా" అని పెరట్లోకి వెళ్లిపోయింది. వెనకే వెళ్లి చూస్తే, నీళ్ల తొట్టి దగ్గర నిలబడి ఏడుస్తోంది.

"ఏందమ్మా ఇది? పోనీ, దాన్నే విప్పి మళ్లీ బిగించుకో" అన్నాను.

"విప్పితే గ్యారంటీ పోద్ది. వద్దులే నాన్నా. నువ్వు ఇంజను బిగించి, అది స్టార్టవగానే నవ్వుతావు. చిన్నప్పటి నుంచి చూస్తన్నా. నాక్కూడా ఒక్కసారి అట్టా నవ్వాలనిపించింది, అంతే" అంది.



కంప్యూటర్ ఇప్పటికీ బాగానే పనిచేస్తోంది. శిరీష మాత్రం ఆ తర్వాత నన్ను ఏదీ అడగలేదు. అడగదని తెలిసినా, నరసరావుపేట వెళ్లేటప్పుడల్లా "ఏమన్నా కావాలా అమ్మా" అంటూనే ఉన్నాను.

– వెంకటేశ్వర్లు, దాచేపల్లి