లండన్ చర్చి మెట్ల మీద అమ్మ సంచి

అమెరికాలో, ఆష్‌బర్న్‌లోని మా ఇల్లు చేరి గంటయింది గానీ పొద్దున జరిగింది ఇంకా నా మనసులోంచి పోలేదు.

గుంటూరు నుంచి అమ్మను తీసుకొస్తూ నిన్న రాత్రి లండన్‌లో ఆగాం. ఈ రోజు పొద్దున్నే ఊళ్లో కాసేపు నడిచి, ఒక పెద్ద చర్చి చూడటానికి లోపలికి వెళ్లాం. ఇంతలో పోలీసులు వచ్చి అందర్నీ పక్క తలుపు గుండా బయటికి పంపేశారు. ముందు మెట్ల మీద ఎవరో సంచి వదిలేసి వెళ్లారట. చుట్టూ టేపు కట్టి, కుక్కను కూడా తెచ్చారు.

“అది మన సంచేనే. నా చెప్పులు అందులో పెట్టాను. గుళ్లోకి చెప్పులేసుకుని వెళ్తామా?” అంది అమ్మ.

చీర కుచ్చిళ్ల కింద ఆమె వట్టి కాళ్లు అప్పుడు చూశాను. ఫ్లైట్ టైమ్ దగ్గర పడుతోంది. ఒక పోలీసు దగ్గరికి వెళ్లి ఉన్నమాట చెప్పాను. అతను మా పాస్‌పోర్టులు తీసుకుని, ప్రశ్న మీద ప్రశ్న వేశాడు. చివరికి సంచి తెప్పించి, చెప్పులు రెండూ చేత్తో తీసి అమ్మ కాళ్ల దగ్గర పెట్టాడు. ముఖంలో నవ్వన్నది లేదు.

“అయ్యో, చెప్పులు ముట్టుకున్నాడే. చెయ్యి కడుక్కోమని చెప్పు పాపం” అంది అమ్మ.

నేను సారీ మాత్రం చెప్పి ఆమెను లాక్కొచ్చాను. విమానంలో మళ్లీ అడిగింది, చెప్పావా అని. చెప్పానన్నాను. మీరైతే నిజంగా చెప్పేవారా?