బోరింగు నీళ్ళకు నా గ్యారంటీ

ఆ రోజు నా మాట విని ఉంటే నలభై మంది హాస్టలు పిల్లలు పెట్రోలు కలిసిన నీళ్ళు తాగేవాళ్ళు. తాగలేదంటే ఆ పుణ్యం నాది కాదు. నా మాటను పూచికపుల్లంత కూడా లెక్కచేయని వంటామె మరియమ్మది. ఇన్నేళ్ళయినా ఆమె గుర్తొస్తే ముందు దణ్ణం పెట్టుకుంటాను, తర్వాత సిగ్గుపడతాను. మీరు మాత్రం మొహమాటపడకుండా నవ్వండి.

అప్పుడు రెండువేల మూడో, నాలుగో. మాది ఎర్రుపాలెం. ఎమ్మెస్సీ జియాలజీ పూర్తిచేసి, ఖమ్మంలో ఒక చిన్న కన్సల్టెన్సీలో చేరి మూడు నెలలైంది. ధీమా మాత్రం ముప్పై ఏళ్ళ సర్వీసుకు సరిపడా ఉండేది. భద్రాచలం నుంచి చర్ల పోయే రోడ్డు మీద ఒక ఊళ్ళో, ఎప్పుడో మూతపడ్డ పెట్రోలు బంకు ఉంది. పైన షెడ్డు కూలిపోయినా భూమిలో ట్యాంకులు అట్లాగే ఉన్నాయి. పక్కనే చర్చివాళ్ళ హాస్టలు. అడవి గూడేల పిల్లలు అక్కడుండి చదువుకుంటారు. హాస్టలు బోరింగులో నీళ్ళు వాసనొస్తున్నాయని ఫిర్యాదు.

మా సారు నన్ను పంపుతూ ఒకటికి రెండుసార్లు చెప్పాడు. మట్టి తియ్యి, నీళ్ళు సీసాల్లో పట్టు, ఐసు డబ్బాలో పెట్టుకుని రా. నువ్వు మాత్రం నోరు తెరవకు, చెప్పాల్సింది ల్యాబు చెప్తుంది.

భద్రాచలం నుంచి బండి మీద, వానలో తడుస్తూ పోయాను. చేరేసరికి ముక్కు రెండు రంధ్రాలూ సిమెంటు పోసి పూడ్చినట్టయ్యాయి.

మరియమ్మకు యాభై దాటి ఉంటాయి. ఆ హాస్టల్లో పొయ్యి దగ్గరే ఆమె సగం జీవితం గడిచింది. ఎండాకాలం నీళ్ళు బాగానే ఉంటాయనీ, వానలు పడితేనే గాసునూనె వాసన కొడతాయనీ చెప్పింది. అందుకే వానాకాలమంతా ఎక్కడో పొలం బావి నుంచి బిందెలతో మోసుకొస్తోందట. నేను జాలిగా నవ్వాను. వాసన ఎండకు లేస్తుంది గాని వానకు లేస్తుందా అని, చుట్టూ మూగిన పదిమందికీ పాఠం చెప్పాను. బంకు దగ్గర గుంట తవ్వి, నల్లటి మట్టి పైకి తీసి, ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఏమీ లేదు. బోరింగు కొట్టించి నీళ్ళు వాసన చూశాను. వాటికీ లేదు.

"సారూ, మీకు పడిశం పట్టినట్టుంది. ముక్కు పనిచేస్తుందా?" అంది మరియమ్మ.

చూశారా, ఎమ్మెస్సీ ముక్కును అనుమానించడం. అదే నన్ను ముంచింది. సీసాలు నింపి డబ్బాలో పెట్టాక, గ్లాసు తెప్పించి, వద్దు వద్దంటున్నా వినకుండా అందరి ముందూ రెండు గ్లాసులు గటగటా తాగేశాను. ఈ నీళ్ళకు నాది గ్యారంటీ, ఈ పూట నుంచే వంటకు వాడుకోండి అని ప్రకటించి, మూతి తుడుచుకుని, పక్కనున్న టీ హోటల్లో మహారాజులా కూర్చున్నాను.

అరగంటలో తేన్పులు మొదలయ్యాయి. పక్కన బీడీ ముట్టించబోతున్న పెద్దాయన ఒక్కసారి నా వైపు చూసి, అగ్గిపెట్టె జేబులో వేసుకుని ఆ చివరి బల్లకు జరిగాడు. ఆఫీసరని మర్యాద ఇస్తున్నాడు కాబోలనుకున్నాను.

మధ్యాహ్నానికి కడుపులో మంట, తల తిప్పుడు. హాస్టలు వరండాలో బల్ల మీద పడుకోబెట్టారు. దవాఖానా నుంచి డాక్టరు వచ్చాడు. ఏం తాగావన్నాడు. నీళ్ళన్నాను. అందరూ అట్లాగే చెప్తారన్నట్టు చూసి, భయం లేదు, కదలకుండా పడుకొమ్మని మాత్రలిచ్చి పోయాడు.

సాయంత్రం నా ముక్కు బాధ చూడలేక మరియమ్మ జామాయిల్ ఆకులు మరిగించి తెచ్చింది. దుప్పటి కప్పి ఆవిరి పట్టించింది. కాసేపటికి ఒక రంధ్రం తెరుచుకుంది. కళ్ళు మండే జామాయిల్ ఘాటు తగిలింది. రెండోది కూడా తెరుచుకున్నాక, తల బయటపెట్టి మట్టి అంటిన నా చొక్కా వాసన చూసుకున్నాను. పెట్రోలు.

అప్పుడు గుర్తొచ్చింది. పిల్లల వంట. దుప్పటి కప్పుకునే వంటగదిలోకి పరుగెత్తాను. గుండిగ నిండా నీళ్ళు పోసి, మరియమ్మ పొయ్యి ముట్టించబోతోంది. చెప్పేంత ఓపిక ఎక్కడిది? ఎగిరి ఒక్క తన్ను తన్నాను. గుండిగ బోర్లాపడి, పొయ్యిలో కట్టెలూ ఆమె చీరా నేనూ అందరం తడిశాం.

"బోరింగు నీళ్ళు, వాడొద్దమ్మా," అన్నాను రొప్పుతూ.

ఆమె నేల మీద పారుతున్న నీళ్ళ వైపు చూసింది. "ఇవి పొలం బావియి సారూ. పొద్దటి సంది మోసిన."

"మరి నేను గ్యారంటీ ఇచ్చాను గదా?"

"మీరు ఇచ్చిన్రు. నా ముక్కు ఇయ్యలే."

తిట్టలేదు. బిందె తెచ్చి నా చేతికిచ్చింది, అంతే. కడుపు పట్టుకుని, బురదలో జారుకుంటూ, పొలం బావికి ఆరుసార్లు తిరిగాను. వెనక వరసగా పిల్లలు. వాళ్ళ భాషలో ఏదో అనుకుని పడీపడీ నవ్వుతున్నారు. ఆ భాష నాకు రాదు గాని, ఆ రోజు బాగానే అర్థమైంది.

అసలు కష్టం తర్వాతిది. గ్యారంటీ విన్న పదిమందీ టీ హోటల్లోనే ఉన్నారు. ఇళ్ళకు పోయి ఆ నీళ్ళే తాగితే? వెళ్ళి గుమ్మం మెట్టుకు చెప్పుల బురద గీస్తూ నిలబడ్డాను. తడి చీరతోనే మరియమ్మ వచ్చి నా పక్కన నిలుచుంది. అప్పుడు చెప్పగలిగాను, నాది తప్పు, ఆ బోరింగు ఎవరూ ముట్టొద్దని. ఎవరో కిసుక్కుమన్నారు.

"నవ్వకున్రి," అంది మరియమ్మ. "మన పిల్లలు తాగే నీళ్ళని సారు తాగి చూసిండు. మనల ఎవలన్న తాగినమా?"

నవ్వు ఆగిపోయింది. నన్ను చూసే చూపు మారింది. ఆ గౌరవం నేను సంపాదించింది కాదు, ఆమె దానంగా ఇచ్చింది. ఉద్యోగంలో ఆ తర్వాత నాకు దక్కిన మంచి పేరంతా ఆ దానానికి వడ్డీ అనే అనుకుంటాను.

ల్యాబు కూడా మరియమ్మ ముక్కు చెప్పిందే చెప్పింది. ట్యాంకులు తవ్వితీస్తే జల్లెడల్లా ఉన్నాయి. వానలకు భూమిలో నీరు పైకొచ్చి, పెట్రోలు పీల్చిన మట్టిని తాకుతోందన్నమాట. బోరింగు పిడి ఊడదీశారు. ఎగువన కొత్త బోరు వేశారు.

ఈ కథ ఖమ్మం ఆఫీసుకు నాకంటే ముందే చేరింది, కొంచెం కుంచించుకుపోయి. సైటు మీద తాగిండంట. డాక్టరు వచ్చి చూడాల్సొచ్చిందంట. వంటగదిల జొరబడి గుండిగ తన్నిండంట. అన్నీ నిజాలే, ఏ ముక్కను కాదనను?

కాబట్టి పాఠకులారా, మీ సాక్షిగా కుడిచెయ్యి ఎత్తి ప్రమాణం చేస్తున్నాను. నా ముక్కు మూసుకుపోయిన రోజున నోరు కూడా మూసుకునే ఉంటాను.