సగం గడ్డం

ఆయనకు ఫిట్స్ వచ్చిన రోజు గురించి ఆయనకు తప్ప వీధిలో అందరికీ తెలుసు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండిపోతుంది. తన ఒంట్లో జరిగినదాన్ని పక్కనున్న పళ్ల దుకాణంవాడు చెబితే వినాల్సి రావడం కంటే తలవంపులు ఇంకేముంటాయి? వాడు చెప్పి ఊరుకుంటాడా, నటించి మరీ చూపిస్తాడు. కళ్లు తేలేసి, చేతులు కొట్టుకుంటూ, "ఇదిగో మేస్త్రీ, ఇట్లా అయిపోయావు" అంటాడు. చూడ్డానికి నలుగురు పోగవుతారు.

వీధిలో ఆయన్ని దూది మేస్త్రి అంటారు. రెండు కుర్చీల సెలూను ఆయనది. ఆయన గడ్డం గీస్తుంటే చెంప మీద దూది ఆడించినట్టుంటుందని ఎవరో ఎప్పుడో అన్నారు, ఆ పేరే ఉండిపోయింది. చెయ్యి మాత్రమే దూది. నోటికి అడ్డూ ఆపూ లేదు. కుర్చీలో కాస్త కదిలితే చాలు, "తల మెడ మీద పెట్టుకొచ్చావా, స్ప్రింగు మీద పెట్టుకొచ్చావా?" అని కసిరేవాడు. అలా కసిరించుకోవడానికి కూడా జనం బెంచీ మీద ఎదురుచూస్తూ కూర్చునేవాళ్లు. రెండో కుర్చీ బామ్మర్దిది. మేస్త్రి కుర్చీ ఖాళీ లేక, ఆగే ఓపికా లేక అటు మళ్లినవాళ్లే బామ్మర్దికి బేరాలు.

ఆ రోజు మేస్త్రి కుర్చీలో ఉన్నది రిటైరైన బస్సు కండక్టరు. ఒక చెంప గీయడం అయింది. రెండో చెంపకు నురగ పట్టించి, మేస్త్రి కత్తిలో బ్లేడు మార్చాడు. ఆయనకు గుర్తున్నది అంతవరకే. ఆ తర్వాత గుర్తున్నది నేల. తల బామ్మర్ది ఒళ్లో ఉంది. నోటినిండా రక్తం, పంట్లాం తడిసిపోయి ఉంది, గుమ్మం నిండా మొహాలు. కండక్టరు మెడలో గుడ్డతోనే, సగం గడ్డంతోనే వీధిలోకి పరుగెత్తాడట. కత్తి ఎగిరి అద్దం కింద పడిందట. ఎవరికీ గీత కూడా పడలేదట. అన్నీ 'అట'లే.

ముందు పన్ను ఒకటి సగానికి విరిగింది. అది ఫిట్స్ వల్ల కాదు, బామ్మర్ది వల్ల. బావ నాలుక కొరుక్కుంటాడేమోనన్న కంగారులో చేతికందిన షేవింగ్ బ్రష్షు తిరగేసి, పిడిని పళ్ల మధ్య దూర్చాడు. దూరకపోయేసరికి ఇంకాస్త బలం పెట్టాడు. పన్ను పోతే పోయింది, ఆ పైన గొప్పలొకటి. వచ్చిన ప్రతివాడికీ, "నేను లేకపోతే మా బావ నాలుక తెగిపడేది" అని చెప్పుకున్నాడు. నాలుక కొసన సబ్బు రుచి ఇంకా వదలని మేస్త్రికి అరికాలి మంట నెత్తికెక్కింది. పళ్లు కొరుకుదామన్నా విరిగిన పన్ను జివ్వుమంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆ పన్ను చూసి, "ఇదెలా విరిగింది?" అంది. బామ్మర్ది ఛాతీ విరుచుకుని చెప్పాడు. "నోట్లో ఏమీ పెట్టకూడదు బాబూ. పక్కకి తిప్పి పడుకోబెట్టి, తల కింద మెత్తటిదేదైనా పెట్టి, తగ్గేదాకా దగ్గరుండాలి. నయం, ఊపిరాడకుండా చేశావు కాదు!" అని ఆమె చీవాట్లు పెట్టింది. బామ్మర్ది మొహం మాడిపోయింది. ఆసుపత్రిలో మేస్త్రి సంతోషించింది ఆ కాసేపే.

తలకు తీసిన స్కానింగు బాగానే ఉంది. తలనిండా వైర్లు అంటించి చేసిన పరీక్షలో మాత్రం ఏదో తేడా కనిపిస్తోందంది. మాత్రలు రాసింది.

"మళ్లీ వస్తుందా అమ్మా?" అన్నాడు మేస్త్రి.

"రావచ్చు. రాకపోవచ్చు."

"ఆ మాట మా వీధిలో పళ్లమ్మేవాడు కూడా చెబుతాడు."

డాక్టరమ్మ నవ్వలేదు. బండి నడపొద్దంది, నిచ్చెన ఎక్కొద్దంది, బాత్‌రూములో గడియ పెట్టుకోవద్దంది. పనేమిటని అడిగి, సెలూను అనగానే కలం పక్కన పెట్టింది. "అయితే కొన్నాళ్లు కత్తి పట్టుకోకండి. మందు కుదురుకోవాలి."

ఆయన నోరు తెరిచేలోగా పక్కనున్న భార్య అందుకుంది. "ఈమధ్య పిలిస్తే పలకడం లేదమ్మా. గోడ వైపు చూస్తూ ఉండిపోతున్నారు. కాసేపటికి మళ్లీ మామూలే."

"పలకాలనిపించక పలకలేదు!" అని మేస్త్రి అరిచాడు. "మొగుడు మాట్లాడకపోతే అదీ జబ్బేనా?"

డాక్టరమ్మ ఆమె వైపే తిరిగి, "ఒక్కోసారి పడిపోకుండా కూడా వస్తుంది. మనిషి నిలబడే ఉంటాడు, కానీ తెలివి ఉండదు. ఇకముందు అలా కనిపిస్తే వెంటనే తీసుకురండి" అంది. తను ఎదురుగా కూర్చునుండగా తన గురించి తన భార్యకు చెప్పడం ఆయనకు పుండు మీద కారం చల్లినట్టయింది.

ఇంటికొచ్చిన సాయంత్రమే భార్య స్క్రూడ్రైవరు తెచ్చి బాత్‌రూము గడియ ఊడదీసింది. గడియ ఉన్నచోట నాలుగు చిల్లులు మిగిలాయి. ఆయన నెత్తిన నీళ్లు పోసుకోవడం ఆపితే చాలు, బయటి నుంచి తలుపు చప్పుడు.

"ఏవండీ, ఉన్నారా?"

"లేను! చచ్చాను!"

"చచ్చినవాళ్లు ఇంత గట్టిగా అరవరు. కానివ్వండి."

ఆమె మాట మెత్తగానే ఉంటుంది కానీ తలుపు దగ్గర నుంచి కదలదు. రాత్రి ఆయన పక్క మీద అటు దొర్లితే లైటు వేస్తుంది. చెంచా కింద పడితే వంటింట్లోంచి పరుగెత్తుకొస్తుంది. ఒక మధ్యాహ్నం ఆయన కంచం తోసేసి, "నన్నిలా కాపలా కాస్తూ కూర్చుంటే ఫిట్స్ రాకముందే పిచ్చెక్కి పోతాను" అన్నాడు. ఆమె కంచం మళ్లీ దగ్గరకు జరిపి, "పిచ్చికి కూడా మాత్రలుంటాయి, తినండి" అంది. ఇంతటి మనిషితో ఎవరు గెలుస్తారు?

ఇంట్లో గడియ పోయింది, దుకాణంలో కత్తి పోయింది. బామ్మర్ది దాన్ని చొక్కా జేబులో పెట్టుకు తిరుగుతున్నాడు. మేస్త్రికి మిగిలింది దువ్వెన, మిషను. జుట్టుకు వచ్చినవాళ్లు కూడా ఆయన చెయ్యి మెడ వెనక్కి వెళ్లేసరికి భుజాలు బిగించేస్తున్నారు. "గడ్డం కూడా చేయించుకో" అంటే, "ఇవాళ వద్దులే మేస్త్రీ" అని లేచి, ఆయన కళ్లెదుటే రెండో కుర్చీలో కూలబడుతున్నారు. బామ్మర్ది గీకుడు చూస్తుంటే మేస్త్రికి కడుపు మండిపోయేది. ఎదురు వెంట్రుకకు కత్తి పెడతాడు, చర్మం లాగి పట్టుకోడు. ఆ చేతికి చెంపలు అప్పగించి కూర్చున్నవాళ్ల మీద, ఆ చేతి మీద, బీరువా మీదున్న మాత్రల డబ్బా మీద ఆయనకు ఒకటే కోపం. ఎన్నేళ్లుగానో ఎన్నో గొంతుల మీద ఆడిన చెయ్యి! ఒక్కసారి కింద పడ్డందుకు అందరూ దాన్ని దొంగను చూసినట్టు చూస్తారా?

ఒకనాడు బామ్మర్ది చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, బనీను మీదే భోజనానికి వెనక గదిలోకి వెళ్లాడు. అప్పుడే కండక్టరు లోపలికొచ్చాడు. గడ్డం కింద రెండు చోట్ల కాగితం ముక్కలు అంటించుకుని ఉన్నాడు.

"ఏం కండక్టరు గారూ, దారి తప్పారా?" అన్నాడు మేస్త్రి. "ఆ రోజు మెడలో గుడ్డ కూడా పట్టుకుపోయారు."

"పారిపోక హారతిస్తానా? నా గొంతు, నా ప్రాణం." కండక్టరు కుర్చీలో కూర్చున్నాడు. "అవతలి వీధి సెలూనువాడు నన్ను కూరగాయలా తరిగేస్తున్నాడయ్యా. ఆ రోజు వచ్చిందేదో వచ్చింది, పోయింది. నువ్వే గీయి."

నువ్వే గీయి! ఆ మాట విని ఎన్నాళ్లయింది! మేస్త్రి ఇంకేమీ ఆలోచించలేదు. కొక్కేనికున్న చొక్కా జేబులోంచి కత్తి తీశాడు. బ్లేడు మార్చాడు. గోరువెచ్చని నీళ్లు, నురగ. మొదటి చెంప మీద కత్తి జారుతుంటే ఆయన చేతికి ప్రాణం లేచొచ్చింది. కండక్టరు కళ్లు మూతలు పడ్డాయి, కాసేపటికి సన్నగా గురక మొదలైంది. రెండో చెంపకూ గొంతుకూ నురగ పట్టించి, మేస్త్రి ఆయన గడ్డం పైకెత్తి, కత్తి గొంతు మీదికి తెచ్చాడు.

నురగ ఎండిపోయి ఉంది.

ఆయనకు ముందు అర్థం కాలేదు. ఇప్పుడే కదా పట్టించింది! బుడగలన్నీ చచ్చి, తెల్లగా అట్టకట్టి, అంచుల్లో పగుళ్లు తేలింది. నురగ అలా ఎండాలంటే ఎంతసేపు పడుతుందో ఆ వీధిలో ఆయన కంటే బాగా ఎవరికీ తెలియదు. అంతసేపూ తను ఇక్కడే, కత్తి గొంతుకు బెత్తెడు దూరంలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎక్కడికి వెళ్లాడు? కండక్టరు ఇంకా గురక పెడుతున్నాడు. చూసినవాళ్లు లేరు. ఈసారి నటించి చూపించడానికి పళ్ల దుకాణంవాడు కూడా లేడు.

బ్రష్షు తడిపి మళ్లీ నురగ పట్టిస్తే సరిపోతుంది. ఎవరికీ తెలియదు. చెయ్యి బ్రష్షు దాకా వెళ్లింది కూడా. ఎవరి మీద మండిపడదామన్నా గదిలో మెలకువగా ఎవరూ లేరు. ఆయనకు భయం వేసింది.

కత్తి మడిచాడు. "ఒరేయ్!" అని వెనక గదిలోకి కేకేశాడు.

ఎంగిలి చేత్తో వచ్చిన బామ్మర్ది, బావ చేతిలో కత్తి చూసి గుడ్లు తేలేశాడు. "బావా! ఏంటిది? అక్కకి తెలిస్తే నన్ను చంపేస్తుంది!"

ఆ కేకకు కండక్టరు ఉలిక్కిపడి లేచి అద్దంలోకి చూసుకున్నాడు. "మళ్లీ సగమేనా!"

"మిగతా సగం వీడు గీస్తాడు. కూర్చోండి." మేస్త్రి బామ్మర్ది వైపు తిరిగాడు. "ఒరేయ్, చెయ్యి కడుక్కుని రా. కొత్తగా నురగ పెట్టు. పై నుంచి కిందికి గీయి. చర్మం లాగి పట్టుకో, ఆయన గొంతది, గోడ కాదు."

బామ్మర్ది చెయ్యి కడుక్కుని వచ్చేలోగా మేస్త్రి భార్యకు ఫోను చేశాడు. "డాక్టరమ్మ దగ్గరికి వెళ్దాం, తయారవ్వు" అన్నాడు. ఆమె ఏమైందని కంగారుపడితే, "నువ్వు చెప్పావే, పిలిస్తే పలకడని. అదే" అని పెట్టేశాడు.

బామ్మర్ది చొక్కా తొడుక్కుని ఎదురుగా నిలబడ్డాడు. మేస్త్రి కత్తి వాడి చేతిలో పెట్టాడు.

"ఆయన గడ్డం అయ్యాక దీన్ని నీ జేబులోనే ఉంచు. డాక్టరమ్మ సరేననేదాకా నేనడిగినా ఇవ్వకు. తిట్టినా ఇవ్వకు."

"తిడతావా బావా?"

"రోజూ తిడతాను," అన్నాడు మేస్త్రి.