అక్క ఇంటి గడప

ముసలివాళ్ళ కోసం వస్తువులు చేసేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. ఆ మంటలో నా వాటా ఎంతో ఒప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

నేను చదివింది ఐదో తరగతి. మిగతాదంతా ఏలూరు రోడ్డు పాత పుస్తకాల అంగళ్ళలోనూ, ఆటోనగర్ వెల్డింగ్ షెడ్లలోనూ నేర్చుకున్నాను. బతుకంతా లారీ బాడీలు కట్టినవాణ్ణి, ఇనుముతో కాని పని లేదనుకునేవాణ్ణి. అందుకే మా అక్క మోకాళ్ళు మొరాయించి, ఆవిడ కూతురు "అమ్మని గుణదల తీసుకెళ్ళిపోతాను మావయ్యా" అన్నప్పుడు అడ్డం పడింది నేనే. "నేనుండగా అక్క ఎక్కడికీ కదలదు" అన్నాను.

అక్క కంకిపాడులో ఒక్కతే ఉండేది. బావ పోయి చాలా ఏళ్ళయింది. చూపు కూడా బాగా మసకబారింది. ఆవిడకి కావలసింది ఒక్కటే. సాయంత్రం ఎవరి చెయ్యీ పట్టుకోకుండా వీధి అరుగు మీదికొచ్చి కూర్చోవాలి. చిక్కుడుకాయలకి ఈనెలు తీసుకుంటూ, దారిన పోయేవాళ్ళని అడుగుల చప్పుడుతో గుర్తుపట్టి నిలదీయాలి.

"ఏమ్మా, నిన్న కనబడలా?"

"మీకు కనబడేదెప్పుడు లెండి పిన్నిగారూ!"

అందరికంటే ముందు అక్కే నవ్వేది.

మందుల షాపులో ఒక వాకర్ కొన్నాం. నాలుగు కాళ్ళ అల్యూమినియం చట్రం. గదిలో బాగానే ఉంది గానీ వీధి గుమ్మం దగ్గరికొచ్చేసరికి ఆగిపోయింది. నాలుగంగుళాల టేకు గడప. చట్రాన్ని ఎత్తి అవతల పెట్టడానికి అక్క చేతుల్లో బలం లేదు. "ఇది చేసినవాడు జన్మలో గడప ఉన్న ఇల్లు చూశాడా?" అని ఆ షాపతని మీద కేకలేశాను. అమ్ముకునేవాడు, అతనేం చేస్తాడు పాపం.

నేనే ఒకటి చేశాను. పిల్లల సైకిలు చక్రాలు, చేతి బ్రేకులు, అలిసిపోతే కూర్చోడానికి చిన్న పలక, చిక్కుడుకాయల గిన్నె పెట్టుకోడానికి బుట్ట. అక్కని నిలబెట్టి ఎత్తు కొలిచి మరీ బిగించాను. అంత పెద్ద చక్రాలు గడప ఎక్కకపోతాయా అనుకున్నాను. ఎక్కలేదు. వాలుగా బల్ల వేద్దామంటే గుమ్మం అవతల మూరెడు జాగా, పక్కన అరుగు, ఎదురుగా మెట్లు. ఇక అడ్డం మిగిలింది గడపే.

"గడప జోలికి పోకురా," అంది అక్క.

శుక్రవారం శుక్రవారం ఆవిడ దానికి పసుపు రాసేది. బావ పోయాక ఎవరో ఆక్షేపిస్తే, "పసుపు నాక్కాదమ్మా, గడపకి" అని నోరు మూయించింది. నాకా, అలాంటివాటి మీద నమ్మకం లేదు. ఆ సంగతి గొప్పగా చెప్పుకుని తిరిగేవాణ్ణి కూడా.

"ఏ కాలంలో ఉన్నావే అక్కా! ఆ చెక్కకి దణ్ణం పెట్టుకుంటూ మంచం మీద కూర్చుంటావా, హాయిగా అరుగు మీద కూర్చుంటావా?"

అక్క చిక్కుడుకాయల గిన్నె ఒళ్ళోకి లాక్కుంది. సరేనందనుకున్నాను. రెండు కొసలా రంపం పెట్టి కోసేసి, కింద సిమెంటు వేసి నున్నగా చదును చేశాను. సిమెంటు ఆరాక వచ్చి, బండిని ఐదారుసార్లు లోపలికీ బయటికీ తోసి చూపించాను. అక్క ఒకటే అడిగింది.

"ఆ చెక్క ఏం చేశావురా?"

"పెరట్లో పడేశా. నీళ్ళ పొయ్యిలోకి పనికొస్తుందిలే," అన్నాను, నవ్వుతూ.

నేనుండే భవానీపురం నుంచి రోజూ ఫోను చేసేవాణ్ణి. బండి ఎలా ఉందంటే "బ్రహ్మాండంగా ఉందిరా" అనేది. నెల తిరక్కుండా ఒక సాయంత్రం చెప్పకుండా వెళ్ళాను. అరుగు ఖాళీ. బండి లోపల మూలనుంది, దాని మీద తువ్వాళ్ళు ఆరేసి ఉన్నాయి. అక్క మంచం మీద గోడవైపు తిరిగి కూర్చుంది.

"ఏంటే ఇది?"

"కాలికి గడప తగిలేదిరా. తగిలితే చెయ్యి దానంతటదే ద్వారబంధం మీదికి పోయేది. అక్కణ్ణించి కుడికి రెండడుగులు, అరుగు. ఇప్పుడు ఇల్లెక్కడ అయిపోయిందో, మెట్లెక్కడ మొదలయ్యాయో తెలియట్లా. మొన్నొకసారి ముందు చక్రం మెట్టులోకి జారింది. పట్టుకుని నిలబడ్డాను గానీ, గుండె జారిపోయింది."

"మరి కోసే ముందు చెప్పొచ్చుగా!"

"నువ్వడిగితేగా? నువ్వు చెప్పావు, నేను విన్నా."

మర్నాడే గుమ్మానికి అడ్డంగా రబ్బరు పట్టీ కొట్టాను. అక్క కాలితో తడిమి చూసి వెనక్కి తీసుకుంది. మళ్ళీ పెట్టలేదు. తర్వాత అక్క కూతురు వచ్చి తీసుకెళ్తుంటే, ఈసారి నేను అడ్డం పడలేదు, బండి కూడా నేనే ఎక్కించాను. గడప సంగతి తెలియని వాడెవడో చేశాడని ఎవర్నో తిట్టానే, వాడికి నిజంగానే తెలియకపోయి ఉండొచ్చు. నేను గడపలున్న ఇళ్ళలోనే పుట్టి పెరిగినవాణ్ణి.

గుణదలలో నాలుగో అంతస్తు. అంతా టైల్సే, ఎక్కడా ఎత్తుపల్లాలు లేవు. నా బండి నీళ్ళ మీద పడవలా పోతుంది, మంచం నుంచి బాల్కనీ దాకా. అంత ఎత్తుకి ఎవరి అడుగుల చప్పుడూ రాదు.

మొన్న శుక్రవారం వెళ్తే, మంచం కింద ఉన్నది తీయమంది. పాత చీరలో చుట్టి ఉంది. విప్పితే గడప, పచ్చగా పసుపుతో. పొయ్యిలోకి పనికొస్తుందని నేనన్న రోజే పక్కింటావిడ చేత పెరట్లోంచి తెప్పించి దాచుకుందట.

"ఈ గది గుమ్మానికి పడుతుందేమో కొలిచి చూడరా."

చూశాను. బెత్తెడు ఎక్కువుంది.

"పొడుగైంది అక్కా. కొయ్యమంటావా?"

అక్క చాలాసేపు దాని కొస తడుముతూ కూర్చుంది, నేను రంపం పెట్టిన చోటే.

"వద్దులే. ఉండనీ."

మళ్ళీ చుట్టి మంచం కిందికి తోశాను. అక్క మంచం మీద పడుకుని, చెయ్యి కిందికి చాపి, అందుతోందో లేదో చూసుకుంది.

"ఇంకాస్త ఇటు."

జరిపాను.