సీసా అడుగున మిగిలిన రంగు

నేను కుళ్ళుబోతుదాన్ని. మా అమ్మ ముందు ఒప్పుకోను గానీ ఇక్కడ ఒప్పుకుంటాను. నూజివీడులో డిగ్రీ రెండో ఏడు చదువుతున్నప్పుడు, జెనెటిక్స్ ల్యాబ్‌లో నా పక్కన నిలబడే అమ్మాయిని చూస్తే నాకు ఒళ్ళుమంట. పైకి మాత్రం ప్రాణస్నేహితులం.

ఉల్లిపాయ వేరు కొసకి రంగు పట్టించి, స్లైడు మీద పెట్టి, పైన పల్చటి గాజుబిళ్ళ మూసి బొటనవేలితో నొక్కాలి. అప్పుడు కణాలు విడివడి లోపలి క్రోమోజోములు కనబడతాయి. నేను నొక్కితే బిళ్ళ టప్పున పగిలేది. అది నొక్కితే క్రోమోజోములు కణం మధ్యలో వరసగా నిలబడేవి! మేడం అందర్నీ పిలిచి మరీ చూపించేవారు. వాళ్ళమ్మ ముసునూరు దగ్గర నర్సరీలో మామిడి అంట్లు కడుతుంది. సెలవుల్లో ఇదీ కట్టేది. ఆ ఒడుపంతా అక్కడిదే. నా ఎడంచెయ్యి వణుకుతుందని, మొదటి ఏడాది క్రిస్మస్‌కి నా కుడిచేతి గోళ్ళకి రంగు వేసింది కూడా అదే.

ఆ వానాకాలం కాలేజీలో సైన్స్ ఎగ్జిబిషన్ పెట్టారు. మంచి మైక్రోస్కోపు ఒక్కటే ఉంది. దాని కింద ఒక్క స్లైడు, పక్కన అట్టముక్క మీద చేసినవాళ్ళ పేరు. "రేపు పొద్దున్న ఎవరిది బాగుంటే వాళ్ళది పెడతాను" అన్నారు మేడం. ఎలా కుదిరిందో, నాది కూడా బాగానే వచ్చింది. దానిది ఇంకా బాగా వచ్చింది. దేవుడా, ఒక్కసారైనా నాకు వదలకూడదా!

తెల్లారేసరికి ఎండిపోకుండా బిళ్ళ అంచులకి నెయిల్ పాలిష్ పూయాలి. మిగతావాళ్ళంతా బస్సులకి వెళ్ళిపోయారు.

"ఒసేయ్, నీ నెయిల్ పాలిష్ ఒకసారి ఇవ్వవే. అమ్మ రేపు పని మానుకుని వస్తానంది" అంది.

"అయిపోయిందే" అన్నాను. సీసా నా బ్యాగులోనే ఉంది.

పొద్దున్నకి దాని స్లైడు ఎండిపోయి కణాలన్నీ ముడుచుకుపోయాయి. మేడం నాది పెట్టారు.

వాళ్ళమ్మ వచ్చింది. ఒక కన్ను మూసుకుని మైక్రోస్కోపులో చాలాసేపు చూసింది.

"ఇది నువ్వు చేసిందేనా అమ్మా?" అని కూతుర్ని అడిగింది.

"కాదమ్మా. దీనిది."

"ఎంత బాగా చేశావు తల్లీ" అని ఆవిడ నా తల నిమిరింది. ఎక్కడికైనా పారిపోవాలనిపించింది. "అంచుకి ఎర్రగా ఏంటది?"

"నెయిల్ పాలిష్ అమ్మా. గాలి తగలకుండా. మనం అంటుకి ప్లాస్టిక్ చుడతాంగా, అలాగ" అంది. తర్వాత నావైపు తిరిగింది. "సీసా అడుగున కొంచెం మిగిలినట్టుందే" అంది.

అంతే. తిట్టలేదు, మొహం కూడా మాడ్చుకోలేదు. అప్పుడు కూడా నాకు కుళ్ళే, అంత నిబ్బరం దీనికెక్కడిదని.

ఆ క్రిస్మస్‌కి కుడిచేతి గోళ్ళకి రంగు నేనే వేసుకున్నాను. చుట్టూ చర్మానికంతా అంటుకుంది.