తమ్ముడి డబ్బాల్లో ఉప్పు

మయూర్ విహార్ సంతలో మైథిలిని చూడగానే కూరగాయల బళ్లవాళ్లు ధర ముందే తగ్గించి చెప్పేవాళ్లు. ఎలాగూ తగ్గించేదాకా కదలదు, ఎందుకొచ్చిన గొడవ అని. లేత సొరకాయ, బీరకాయ, దొండకాయ, క్యాబేజీ. శనివారం సాయంత్రం ఆమె సంచీలో పడేవి ఇవే. టమాటాల వంక కన్నెత్తి చూసేది కాదు. ఇంట్లో టమాటా తినరని కాదు, శనివారం కొనే కూరలు తమ్ముడివి.

తమ్ముడు నిరంజన్‌కి నలభై దాటాయి. గురుగ్రామ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మూడో అంతస్తులో ఒంటి గది. పెళ్లి సంబంధాలు కుదిరినట్టే కుదిరి తప్పిపోతుంటే, ఇక చాల్లే అని వాడే ఊరుకున్నాడు. నిరుడు రెండు కిడ్నీలూ పాడయ్యాయి. బుధవారం, శనివారం డయాలసిస్. ఆఫీసువాళ్లు ఇంట్లోంచి పని చేసుకోమన్నారు, జీతం మాత్రం సగానికి కోసేశారు. అందులో పెద్ద భాగం ఆస్పత్రికే పోయేది. కిడ్నీ రోగులకని ప్రత్యేకంగా వండి పంపేవాళ్లున్నారంటే మైథిలి ఫోన్ చేసి అడిగింది. వాళ్లు చెప్పిన ధర విని, "ఆ డబ్బుతో మా ఇంటిల్లిపాదీ తినొచ్చు బాబూ" అని పెట్టేసింది. నేను వండుతా అంది. అనడమేముంది, ఆ వారమే మొదలెట్టింది.

అది మామూలు వంట కాదు. కిడ్నీలు పని చెయ్యని ఒంట్లో పొటాషియం పేరుకుపోతే గుండె ఆగిపోవచ్చని డాక్టరు మొదటి రోజే చెప్పాడు. అందుకని కూరల్లో ఉండే పొటాషియం దిగిపోయేలా ముక్కలు తరిగి నీళ్లలో నానబెట్టాలి, ఆ నీళ్లు పారబొయ్యాలి. మళ్లీ కొత్త నీళ్లలో ఉడకబెట్టాలి, అవీ పారబొయ్యాలి. అప్పుడు పోపు. చింతపండు లేదు, టమాటా లేదు, గోంగూర పేరెత్తకూడదు. తెనాలిలో పుట్టి పెరిగిన మనిషిని చింతపండు లేకుండా వండమంటే చేతులు కట్టేసి ఈదమన్నట్టే. కూర ఉడికిన నీళ్లు సింకులో పోస్తుంటే ఆమెకి ప్రాణం ఉసూరుమనేది. అవే నీళ్లతో వాళ్లమ్మ చారు పెట్టేది మరి. అయినా పోసింది, ప్రతి శనివారమూ పోసింది.

చల్లారాక పూటకో డబ్బా సర్దేది, ఒక్క మనిషికి సరిపడా. అడుగున అన్నం, పైన కూర, మూత మీద ఏ రోజుదో రాసి ఫ్రీజర్‌లో పెట్టేది. ఆదివారం తెల్లారగానే ఆ డబ్బాలన్నీ సంచీలో వేసుకుని మెట్రో ఎక్కేది. స్టేషన్లో సంచీ తనిఖీ చేసే అమ్మాయి, "దీదీ, ఈ వారం ఏం చేశారు?" అని అడిగేంత పాత పరిచయమైపోయింది.

ఇంత చేస్తే అయ్యగారికి ఒకటే సణుగుడు. "అక్కా, ఇది కూరా, తడి గుడ్డా? నాలిక మీద ఏమీ తగలట్లేదే" అనేవాడు. చచ్చినట్టు తిను అనబోయి, ఆ మాట గొంతులోనే మింగేసి, "తినరా బాబూ, నా కోసం తిను" అనేది మైథిలి. ఉప్పు తగ్గించమని కూడా డాక్టరే చెప్పాడు. ఆమె చిటికెడు వేసేది, ఒక్కోసారి ఆ చిటికెడులో సగం మళ్లీ ఉప్పు జాడీలో వేసేసేది.

జూన్‌లో, ఎండకి గోడలు కూడా కాలుతున్న రోజుల్లో, ఆమె భర్త శివరామకృష్ణ కొత్తరకం ఉప్పు పట్టుకొచ్చాడు. ఆయన కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసరు. లోకంలో ఎవరేం చెప్పినా నమ్ముతాడు, ఒక్క పెళ్లాం చెప్పింది తప్ప. "సోడియం తక్కువ ఉంటుందట. బీపీకి మంచిదని మా సెక్షన్లో అందరూ ఇదే వాడుతున్నారు" అని తనే ఉప్పు జాడీలో పోసి పెట్టాడు. మైథిలికి భలే ఆశ పుట్టింది. సోడియం తక్కువంటే తమ్ముడికీ మంచిదేగా. పాపం, ఏడాది నుంచీ చప్పిడి కూడు తింటున్నాడు. ఈ ఉప్పయితే కాస్త ధారాళంగానే వెయ్యొచ్చు. ఆ శనివారం రుచి చూసి చూసి, చాల్లేదనిపించి, మళ్లీ వేసింది.

ఆదివారం డబ్బాలు ఇచ్చొచ్చింది. ఆ సాయంత్రమే తమ్ముడి నుంచి మెసేజ్. "అక్కా, కూరకి ప్రాణం వచ్చిందే. ఒక డబ్బా చాల్లేదు, రెండోది కూడా లాగించేశా." ఆ మెసేజ్ ఆమె మొగుడికి చూపించింది, పక్కింటివాళ్లకి చూపించింది. మనిషి గాల్లో తేలిపోయిందంటే నమ్మండి.

మంగళవారం పొద్దున్న కింది ఫ్లాటు కమలా ఆంటీ కరివేపాకు కోసం వచ్చింది. ఆవిడ తన భర్తని ఏళ్ల తరబడి డయాలసిస్‌కి తిప్పిన మనిషి. ఆయన పోయి రెండేళ్లవుతోంది. వంటింటి గట్టు మీద మిగిలిన ఉప్పు ప్యాకెట్ చూసి, "ఇదెవరికమ్మా?" అని అడిగింది.

"ఆయనకి ఆంటీ, బీపీ కదా. ఈ వారం నుంచి తమ్ముడికీ ఇదే వేస్తున్నా."

కమలా ఆంటీ కరివేపాకు రెమ్మ గట్టు మీద పెట్టేసింది. "తమ్ముడికా? సోడియం తగ్గించి దాని బదులు అందులో ఏం కలుపుతారనుకున్నావు? పొటాషియం. మా ఆయన ఉన్నప్పుడు దీన్ని గుమ్మం కూడా తొక్కనివ్వద్దన్నారు డాక్టర్లు."

మైథిలి ప్యాకెట్ తిప్పి చూసింది. వెనకాల చిన్న అక్షరాల్లో కిడ్నీ జబ్బున్నవాళ్లు వాడకూడదని రాసే ఉంది. శనివారం డయాలసిస్ అయింది, మళ్లీ రేపు. అంటే వాడి ఒంట్లోంచి విషం తీసేసి ఇప్పటికి మూడు రోజులైంది, ఆ రోజులన్నీ తను పంపిన అన్నమే తిన్నాడు. ఫోన్ చేసింది. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్లీ చేసింది. ఎత్తలేదు.

"నువ్వు వెళ్లు. పొయ్యి కట్టేసి తాళం నేను వేసుకుంటా" అంది కమలా ఆంటీ.

మెట్రోలో కూర్చోవడానికి చోటున్నా కూర్చోలేకపోయింది. తలుపు దగ్గర నిలబడి తమ్ముడికి ఫోన్ చేస్తూనే ఉంది. భర్తకి చేస్తే, "అయ్యో, వెనకాల చూళ్లేదు మైథిలీ. బయల్దేరుతున్నా" అన్నాడు. ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టింది. తిట్టాక కూడా తేలిక పడలేదు. ప్యాకెట్ తెచ్చింది ఆయనే, కానీ రుచి చూసి మళ్లీ వేసిన చెయ్యి ఎవరిది? మీటింగులో ఉండి ఎత్తట్లేదేమోలే అనుకుంది. ఫోన్ ఎక్కడో పెట్టి మర్చిపోయాడేమో అనుకుంది. రాజీవ్ చౌక్‌లో రైలు మారేటప్పుడు జనం తోసుకుంటుంటే, జరగండి, మా తమ్ముడు చచ్చిపోతున్నాడు అని అరవాలనిపించింది. పైకి మాత్రం "ఎక్స్‌క్యూజ్ మీ, భయ్యా" అంది.

రెండో రైల్లో ఎక్కాక ఇంటి ఓనరమ్మ గుర్తొచ్చింది. హర్యానా ఆవిడ, మోకాళ్ల నొప్పులతోనే మూడంతస్తులూ ఎక్కి నిరంజన్‌ని చూసొచ్చే మనిషి. మొదటి రింగుకే ఎత్తింది.

"ఇప్పుడే పైకెళ్లి వచ్చా బేటీ. పడుకునే ఉన్నాడు, కాళ్లల్లో సత్తువ లేదంటాడు. ఏమీ తినలేదేమోనని నువ్వు తెచ్చిన డబ్బా ఒకటి వేడి చేసి తినిపించా. సగం తిన్నాడు."

"పెట్టకండి ఆంటీ, ఇంకేమీ పెట్టకండి" అని మైథిలి అరిచిన అరుపుకి బోగీ అంతా తిరిగి చూసింది.

"ఎందుకు, ఏమైంది?"

ఆ మాట చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? నా వంటలో పొరపాటు జరిగింది అంటే అయిపోయేది. ఆ మాట అనలేదు. "వాడేదో తినకూడనిది తిన్నాడు ఆంటీ. వాణ్ణి వెంటనే కారులో డయాలసిస్ ఆస్పత్రికి తీసుకెళ్లమని అంకుల్‌కి చెప్పండి. నేనక్కడికే వస్తా" అంది. తిన్నాడట! పెట్టిన మనిషి ఊసే లేదు. ఆ సంగతి ఆమెకీ తెలుసు.

ఆస్పత్రి ఎమర్జెన్సీలో నిరంజన్‌ని పడుకోబెట్టి ఛాతీకి తీగలు తగిలించారు. పక్కన మిషన్‌లో గుండె గీతలు కనిపిస్తున్నాయి. గీతకీ గీతకీ మధ్య ఎడం మరీ ఎక్కువగా ఉంది, మైథిలి వాటి మీంచి చూపు తిప్పలేదు. చేతికి ఏదో ఇంజెక్షన్ నెమ్మదిగా ఎక్కిస్తున్నారు. తమ్ముడి మొహం మైనం ముద్దలా ఉంది. కళ్లు తెరిచే ఉన్నాడు, మాటే లోగొంతుకలో వస్తోంది. మంచం కాళ్ల దగ్గర, వాణ్ణి కారులో తీసుకొచ్చిన ఓనర్ అంకుల్ నిలబడి ఉన్నాడు.

డాక్టరమ్మ చిన్న వయసుది, అలిసిపోయి ఉంది. ఆవిడ నిరంజన్ మీద విరుచుకుపడుతోంది. "తినకూడనిది తిన్నాడని ఈయన చెప్పారు. పొటాషియం ఎంత పెరిగిందో తెలుసా? ఇంకో పూట ఆగి ఉంటే మాకేమీ చేసే పని ఉండేది కాదు. చదువుకున్నవాళ్లు, నాలిక కట్టుకోలేరా?"

నిరంజన్ తప్పు చేసిన పిల్లాడిలా కళ్లు దించుకున్నాడు. "సారీ డాక్టర్. నిన్న మందుల కోసం కిందకి వెళ్లా. ఎండకి తట్టుకోలేక బండి దగ్గర బత్తాయి రసం తాగా. ఒక్క గ్లాసే."

"ఒక్క గ్లాసే! అందులో నిండా పొటాషియమే" అని డాక్టరమ్మ దెప్పింది. "రాసుకోండి సిస్టర్, జ్యూస్."

నిరంజన్ అక్క వైపు తిరిగాడు. "నువ్వంత కష్టపడి వండి పెడుతుంటే ఇలా చేశాను. బావకి చెప్పకే" అన్నాడు తెలుగులో.

మైథిలి మంచం కమ్మీ పట్టుకుని నిలబడింది. కారణం దొరికేసింది. రాసేసుకున్నారు కూడా. డయాలసిస్‌కి ఎలాగూ తీసుకెళ్తున్నారు, వాడు బతుకుతాడు. ఇంటికెళ్లి ఆ ప్యాకెట్ పారేస్తే ఇక ఎవరికీ తెలిసే దారి లేదు. భర్త నోరు, కమలా ఆంటీ నోరు మూయించడం ఆమెకి పెద్ద పనా? ఏడాది పాటు తమ్ముడి ప్రాణం నిలబెట్టిన అక్కగానే ఉండిపోవచ్చు. సిగ్గు లేకుండా ఆ ఆలోచన వచ్చింది, వచ్చి కాసేపు నిలిచింది కూడా.

అప్పుడు ఓనర్ అంకుల్ ఊరడింపుగా ఆమెతో అన్నాడు. "నువ్వు దిగులు పడకు బేటీ. ఇక మేం కాపలా ఉంటాం, బయటి తిండి ఒక్క ముద్ద ముట్టనివ్వం. ఇంటికి రాగానే తినిపించాలని మా ఆవిడ నీ డబ్బా ఇంకోటి తీసి బయట పెట్టింది."

"పారెయ్యమనండి" అంది మైథిలి.

ఆయనకి అర్థం కాలేదు. ఆమె డాక్టరమ్మ వైపు తిరిగింది. హిందీ తడబడింది, సగం తెలుగు దొర్లింది, అయినా ఆపలేదు. "జ్యూస్ ఒక్కటే కాదు డాక్టర్. నా వంట. సోడియం తక్కువ ఉప్పు వేశాను. ఆదివారం నుంచీ మూడు పూటలా అదే తింటున్నాడు. చప్పగా ఉందంటాడని ఎక్కువే వేశాను. వాడి తప్పు కాదు. పొద్దున్న తెలిసింది నాకు. ఫోన్లో అంకుల్ వాళ్లకి అబద్ధం చెప్పాను."

డాక్టరమ్మ తిట్టలేదు. తిట్టి ఉంటే మైథిలికి కాస్త బావుండేది. ఎంత వేశారు, ఎన్ని పూటలు తిన్నాడు అని అడిగి రాసుకుని, "ఆ డబ్బాలు ఇప్పుడే పారేయించండి" అంది. అంకుల్ వెంటనే ఫోన్ తీసి ఇంటికి చేశాడు. నిరంజన్ మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. మంచాన్ని డయాలసిస్ గదిలోకి తోసుకెళ్తుంటే కూడా ఇటు చూడలేదు.

బయట కుర్చీల్లో భర్త వచ్చి పక్కన కూర్చున్నాడు. "తెచ్చింది నేనే కదా, నా పేరు చెప్పకపోయావా" అన్నాడు. ఎప్పుడూ లేనిది ఆయన అంత పెద్ద మాట అన్నందుకు ఆమెకి ఏడుపొచ్చింది. డయాలసిస్ మిషన్ ఆడినంతసేపూ ఇద్దరూ అక్కడే కూర్చున్నారు, మంచినీళ్లు కూడా ముట్టలేదు.

సాయంత్రానికి నిరంజన్‌ని వార్డులోకి తెచ్చారు. మొహంలోకి కాస్త రంగు వచ్చింది. రేపటిదాకా ఉంచుతామన్నారు. మైథిలి స్టూలు లాక్కుని కూర్చుంది, బయట భర్తతో కూడబలుక్కున్న మాట చెప్పింది.

"ఇక నేను వండనురా. డబ్బు పోతే పోయింది, ఆ కిడ్నీ భోజనం పంపేవాళ్లతో మాట్లాడతా. మీ బావ కూడా సరేనన్నారు. నా చేతి తిండి నీకొద్దు. నాకే భయంగా ఉంది, నువ్వెలా తింటావు?"

నిరంజన్ పైన ఫ్యాను వంక చూస్తూ పడుకున్నాడు. కోపమో, నీరసమో ఆమెకి అంతు పట్టలేదు. ఏదో ఒకటి తిట్టరా అని బతిమాలదామనుకుంది.

"డబ్బాలన్నీ పారేయించేశావా?" అన్నాడు వాడు.

"ఆ. అంకుల్ చేత అన్నీ పారేయించా."

"మరి రేపు ఇంటికెళ్లాక నేనేం తినాలి?"

మైథిలి వాడి మొహంలోకి చూసింది. వాడు వేళాకోళం ఆడట్లేదు, దెప్పట్లేదు. నిజంగానే అడుగుతున్నాడు. చెంగుతో మొహం తుడుచుకుని, "ఏమండీ, వీడి దగ్గర కాసేపు కూర్చోండి" అని భర్తకి చెప్పి, సొరకాయ ఎక్కడ దొరుకుతుందో కనుక్కోవడానికి కిందకి దిగింది.